ఐర్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల లెక్కలు: అపోహలు - వాస్తవాలు

ఐర్లండ్ దేశవాళీ ఫుట్‌బాల్ పోటీ అయిన లీగ్ ఆఫ్ ఐర్లండ్ క్లబ్బుల ఖాతాలు చదవడం నా పనిలో ఒక భాగం. ‘అన్నిటికన్నా డబ్బున్న క్లబ్బు ఏది, ఒక పట్టిక వేసి ఇవ్వండి’ అని అడిగేవాళ్లే ఎక్కువ. వేసి ఇవ్వొచ్చు. కానీ అడిగేవాళ్ల మనసులో ముందే ఉండే నమ్మకాలు కొన్ని ఆ పట్టికను పాడుచేస్తాయి.

అపోహ: క్లబ్బులు కంపెనీలే కదా, ఆదాయం, జీతాలు, లాభం అన్నీ రికార్డులో ఉంటాయి.

వాస్తవం: డబ్లిన్‌లోని కంపెనీల రిజిస్ట్రేషన్ ఆఫీసులో కొద్ది యూరోలు కడితే పత్రాలు ఇస్తారు. తెరిచి చూస్తే చాలావాటిలో లాభనష్టాల ఖాతాయే ఉండదు. చిన్న కంపెనీ అయితే బ్యాలెన్స్ షీట్, దాని అంకెలను వివరించే కొన్ని నోట్సు ఇస్తే చాలంటుంది అక్కడి చట్టం. టర్నోవర్ 1.5 కోట్ల యూరోలు, ఆస్తులు 75 లక్షలు, ఉద్యోగులు 50 మంది. ఈ మూడింటిలో రెండు దాటకపోతే అది చిన్న కంపెనీయే. ఫుట్‌బాల్‌లో ఎంత పెద్ద పేరున్నా సరే.

అయినా దారి ఉంది. బ్యాలెన్స్ షీట్ అడుగున పోగైన లాభనష్టాల లైను ఉంటుంది. పోయినేడు అక్కడ మైనస్ 8 లక్షలు, ఈ ఏడు మైనస్ 11 లక్షలు ఉన్నాయనుకుందాం. అంటే ఈ ఏడాది సుమారు 3 లక్షల నష్టం. ఇక్కడే ఆగిపోతే మాత్రం దెబ్బతింటాం. యజమాని తాను ఇచ్చిన అప్పు మాఫీ చేస్తే ఆ మొత్తం నేరుగా రిజర్వుల్లో, అంటే ఆ పోగైన లైనులోనే, కలవొచ్చు, నష్టం ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తుంది. అందుకే నేను ఆ లైను చూశాక వెంటనే అప్పుల నోటుకు వెళ్తాను.

అపోహ: అప్పు ఎక్కువుంటే క్లబ్బు మునిగినట్టే.

వాస్తవం: ఎంత అన్నదాని కంటే ఎవరికి అన్నదే ముఖ్యం. యజమాని ఇచ్చిన 20 లక్షలు ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు. పన్ను శాఖకు బాకీ పడ్డ 2 లక్షలు చూస్తే నాకు ఎక్కువ టెన్షన్.

అపోహ: యూరప్ స్థాయి పోటీల డబ్బు వచ్చిందంటే క్లబ్బు కుదురుకున్నట్టే.

వాస్తవం: 2024-25లో డబ్లిన్ క్లబ్బు షామ్రాక్ రోవర్స్ యూరప్ పోటీల్లో ఒకటైన కాన్ఫరెన్స్ లీగ్ ప్రధాన దశకు చేరింది. ఆ దశలో అడుగుపెడితేనే 31.7 లక్షల యూరోలు, ఒక్కో గెలుపుకు మరో 4 లక్షలు. వాళ్లు మూడు గెలిచారు. దేశవాళీ లీగ్ టైటిల్‌కు వచ్చే ప్రైజ్ మనీ దీని పక్కన చిల్లర. కానీ మరుసటి ఏడాది అర్హత పోటీల్లోనే ఓడితే ఇందులో చాలా భాగం ఉండదు, ఆటగాళ్ల కాంట్రాక్టులు మాత్రం ఉంటాయి. డండాక్ అనే క్లబ్బు 2016లో, 2020లో మరో యూరప్ పోటీ అయిన యూరోపా లీగ్ గ్రూప్ దశ ఆడింది. అదే డండాక్ 2024లో మూతపడే దాకా వెళ్లి, కింది డివిజన్‌కు పడిపోయింది. కాబట్టి ఒక్క ఏడాది చూసి ర్యాంకు ఇవ్వను, కనీసం నాలుగైదేళ్లు కలిపి చూస్తాను. ఆటగాళ్ల అమ్మకాలకూ ఇదే పద్ధతి. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ క్లబ్బులు 18 ఏళ్ల లోపు ఐరిష్ కుర్రాళ్లను తీసుకోలేకపోవడంతో ఐర్లండ్ క్లబ్బులకు బేరమాడే బలం పెరిగింది. అయినా అది ఏటా వచ్చే ఆదాయం కాదు.

అపోహ: ఆస్తులు ఎక్కువున్న క్లబ్బే ధనిక క్లబ్బు.

వాస్తవం: బొహీమియన్స్ ఆడే డాలీమౌంట్ పార్క్‌ను 2015లో డబ్లిన్ సిటీ కౌన్సిల్ 38 లక్షల యూరోలకు కొంది. రోవర్స్ ఆడే టాలా స్టేడియం సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌ది. స్టేడియం సొంతమైన క్లబ్బుతో వీటిని ఆస్తుల కాలమ్‌లో పోల్చడంలో అర్థం లేదు.

డెర్రీ సిటీది ఇంకో లెక్క. 1985 నుంచి ఈ లీగ్‌లోనే ఆడుతున్నా, ఊరు బ్రిటన్ కిందికి వచ్చే ఉత్తర ఐర్లండ్‌లో ఉంది. పత్రాలు బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రేషన్ ఆఫీసైన కంపెనీస్ హౌస్‌లో ఉచితంగానే దొరుకుతాయి, అంకెలు మాత్రం పౌండ్లలో. వాటిని యూరోల్లోకి మార్చేటప్పుడు బ్యాలెన్స్ షీట్ అంకెలకు ఏడాది చివరి రోజు మారకపు రేటు, ఆదాయ వ్యయాలకు ఏడాది సగటు రేటు వాడండి.