యాపిల్‌కూ ఊట తీయాలి

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల వాట్సాప్ స్టేటస్‌ల నిండా యాపిల్ తోటలే. మేమూ వెళ్లాం. కోసేటప్పుడు సరదాగానే ఉంటుంది. ఇంటికొచ్చి సంచీ బోర్లించాకే, ఇన్నిటిని ఎవరు తింటారన్న బెంగ పట్టుకుంటుంది. యాపిల్ ఫ్రిటర్లను నూనెలో వేయించకుండా ఓవెన్‌లో కాల్చే ప్రయోగం మా ఇంట్లో అలా మొదలైంది.

ఇక్కడి డోనట్ కొట్టుకు వెళ్తే, గుండ్రటి డోనట్ల పక్కన అరచేతంత వెడల్పున, ఎగుడుదిగుడుగా, ముదురు గోధుమరంగులో, పైన పంచదార పూతతో ఒకటి కనిపిస్తుంది. అదే యాపిల్ ఫ్రిటర్. లోపల యాపిల్ ముక్కలు, దాల్చినచెక్క ఘుమఘుమ. పేరులోనే వేపుడు ఉంది. వేయించడమనే అర్థమున్న లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ఇలా మారింది. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు రాసిపెట్టుకున్న వంటల్లోనే ఇది ఉంది: యాపిల్‌ని కాస్త ఉడికించి, గుడ్లు, పిండి, బీరు, ఈస్టు కలిపిన జారు పిండిలో ముంచి నూనెలో వేయించమన్నారు. అచ్చం మన బజ్జీయే. అలాంటప్పుడు ‘ఓవెన్‌లో కాల్చిన ఫ్రిటర్’ అంటే ‘నూనె లేని బజ్జీ’ అన్నట్టే.

అయినా చేశాను. మొదటి వాయి పైన పాలిపోయి, అడుగున చెమర్చి, ఇడ్లీకీ బన్నుకీ మధ్య ఎక్కడో ఆగిపోయింది. నాకు అర్థం కానిది ఒకటే. నూనెలో వేయిస్తే 180 డిగ్రీల సెల్సియస్ చాలు. నా ఓవెన్ 200 చూపిస్తోంది. వేడి ఎక్కువున్న చోట రంగు తక్కువెందుకు వచ్చింది?

జవాబు మన చేతికే తెలుసు. 200 డిగ్రీల ఓవెన్‌లో చెయ్యి పెట్టి క్షణంలో తీసేస్తే ఏమీ కాదు. 180 డిగ్రీల నూనె చుక్క మీద పడితే బొబ్బ లేస్తుంది. ఉష్ణోగ్రత ఎంత ఉందన్నదే కాదు, ఆ వేడి ఎంత వేగంగా మనకు అందుతుందన్నదీ ముఖ్యం. కదలని గాలితో పోలిస్తే కాగిన నూనె పది రెట్లకు పైగా వేగంగా వేడిని అందిస్తుంది. పిండి ముద్ద నూనెలో పడగానే ‘సుయ్’మంటుంది చూడండి, అది పైపొరలో ఉన్న నీరు ఆవిరై తన్నుకొచ్చే చప్పుడు. కొన్ని క్షణాల్లో పైపొర పొడిబారిపోతుంది. పొడిబారితేనే దాని వేడి 100 డిగ్రీలు దాటుతుంది.

ఓవెన్‌లో అంతా నెమ్మది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 540 కెలోరీల వేడి కావాలి. అదే గ్రామును మంచు చల్లదనం నుంచి మరిగేదాకా తేవడానికి 100 చాలు. అందుకే పైన తడి ఉన్నంతసేపూ వచ్చిన వేడంతా ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. ఎండాకాలం కూజాలో నీళ్లు చల్లబడేదీ ఈ కిటుకుతోనే. చుట్టూ 200 డిగ్రీలున్నా నా ఫ్రిటర్ కూజాలా తనను తాను చల్లబరుచుకుంటూ కూర్చుంది! గోధుమరంగునూ కమ్మటి వాసననూ ఇచ్చే చర్యను 1912లో ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ వివరించాడు. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి చేసే పని అది. 140 డిగ్రీలు దాటితే గానీ చురుగ్గా సాగదు. తడి పైపొరకు ఆ యోగం లేదు.

కాబట్టి గొడవంతా నీళ్లతోనే. ఆ నీళ్లు తెచ్చిపెడుతున్నది యాపిల్. పావుకిలో ముక్కల్లో 200 గ్రాములకు పైగా నీరే ఉంటుంది. వేడికి కణాల గోడలు సడలి అదంతా పిండిలోకి దిగుతుంది.

రెండోసారి మాగాయ గుర్తొచ్చింది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుంది, ముక్కల్ని పిండి ఆరబెడతాం, ఊటను మాత్రం పారబొయ్యం. ఇక్కడ ఉప్పు చేసే పని పంచదార చేస్తుంది. రెండు యాపిళ్లను చెక్కు తీసి, శనగగింజకు రెట్టింపు సైజు ముక్కలు కోసి, రెండు చెంచాల పంచదార, కాస్త నిమ్మరసం కలిపి అరగంట వదిలేశాను. గిన్నె అడుగున ఊట చేరింది. ముక్కల్ని వడగట్టి, చెంచా వెన్నలో తడి ఆరేదాకా మగ్గించాను. ఊటను చిన్న మంట మీద తేనెలా చిక్కబడేదాకా మరిగించి పక్కన పెట్టాను.

యాపిల్ రకం కూడా చూసుకోవాలి. నేను వాడింది గ్రానీ స్మిత్. 1868లో సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ తోటలో కనిపించిన పచ్చ యాపిల్ ఇది, బాగా పులుపు. పులుపున్న చోట ముక్కను పట్టి ఉంచే పెక్టిన్ తొందరగా కరగదు. ముక్క ఉడకకముందే చింతపండు పులుసు పోస్తే ఇక ఉడకదని అమ్మ కేకలేసేది ఇందుకే. కూరలో అది తప్పు, ఫ్రిటర్‌లో అదే కావాలి.

పిండి సంగతి తేలిక. 200 గ్రాముల మైదా, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి, 50 గ్రాముల పంచదార, కరిగించిన వెన్న 50 గ్రాములు, ఒక గుడ్డు, అరకప్పుకు తక్కువగా పాలు. గారెల పిండంత గట్టిగా ఉండాలి. ఎక్కువ కలిపితే మైదాలోని జిగురు పదార్థం గ్లూటెన్ సాగి రబ్బరవుతుంది, పొడి కనపడకుండా పోగానే ఆపేయాలి.

అసలు తేడా తెచ్చింది ఇనప పెనం. ఓవెన్‌ను 220కి పెట్టి పెనాన్ని ఖాళీగా లోపల పెట్టాను. బాగా కాలాక వెన్న రాసి, యాపిల్ ముక్కలు కలిపిన పిండిని ముద్దలుగా వేస్తే, చిన్నగానైనా ‘సుయ్’మంది. గాలి చేయలేని పనిని అడుగున ఇనుము చేసింది. పైన వెన్న పూసి, ఓవెన్‌లోని ఫ్యాను ఆన్ చేశాను. కదిలే గాలి ఆవిరిని తోసేస్తుంది కాబట్టి పైపొర తొందరగా ఆరుతుంది. పదిహేను నిమిషాలకు అంచులు ఎర్రబడ్డాయి.

నూనెలో వేయించినంత కరకర మాత్రం రాలేదు, రాదు కూడా. నూనె పీల్చలేదు కాబట్టి ఎన్నైనా తినొచ్చు అనుకోకండి. లోపలి వెన్న, పైన పూత ఎక్కడికీ పోలేదు.

పూతకు పొడి చేసిన పంచదారలో చిక్కబడ్డ ఊట కలిపి, రెండు చెంచాల పాలు పోశాను. ఫ్రిటర్లు పొయ్యి వేడి మీదుంటే పూత కరిగి పళ్లెంలోకి జారిపోతుంది. పది నిమిషాలు ఆగి పోస్తే గుంతల్లో నిలిచి, గట్టిపడి, కొరికినప్పుడు పెటుక్కున విరుగుతుంది.