లేత్ మీద చెక్క గిన్నెను పట్టి ఉంచేది గాలే

లేత్ మీద, అంటే చెక్కను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం మీద, గిన్నెలు తీసేవాళ్లకు పని చివర్లో ఒక చిక్కు వస్తుంది. లోపలా బయటా నునుపు తేలాక, అంతసేపూ చక్ (లేత్ మీద వస్తువును బిగించి ఉంచే పట్టు) పళ్లు కరిచి పట్టుకున్న అడుగు భాగం మాత్రం మిగిలిపోతుంది. దాన్ని తీర్చాలంటే గిన్నెను బోర్లించి పట్టాలి. పళ్లతో బిగిస్తే తయారైన అంచు మీద గాట్లు పడతాయి. అందుకే వాక్యూమ్ చక్ వచ్చింది. డొల్లగా ఉండే డ్రమ్ము, దాని అంచుకు మెత్తటి ఫోమ్ రబ్బరు, లేత్‌లో తిరిగే బోలు ఇరుసు (స్పిండిల్) గుండా గాలి తోడే పంపు. అంతే.

గిన్నెను పంపు లాగదు. డ్రమ్ములో గాలి పలచబడితే బయటి గాలి గిన్నెను లోపలికి నొక్కుతుంది. సముద్ర మట్టం దగ్గర ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్ వైశాల్యం దాదాపు 177 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ పీడనంలో ఐదో వంతు తేడా తెచ్చినా 36 కిలోల నొక్కుడు వస్తుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ రమారమి అంత తేగలదు. అదే 7.5 సెంటీమీటర్ల చక్ అయితే, 85 శాతం వాక్యూమ్ ఇచ్చే ఖరీదైన పంపు పెట్టినా వచ్చేది 38 కిలోలే. కాబట్టి పంపు మీద డబ్బు పోసే ముందు గిన్నెలో పట్టగలిగినంత పెద్ద చక్ చేసుకోవడం మేలు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం, చాలామంది పొరబడేదీ ఇక్కడే. చెక్క గాలి చొరబడని వస్తువు కాదు. చెట్టు వేళ్ల నుంచి నీళ్లు పైకి తెచ్చిన సన్నటి గొట్టాలన్నీ అందులో అలాగే ఉంటాయి. గిన్నె చుట్టూ ఆ గొట్టాల నోళ్లు తెరుచుకున్న చోట గాలి లోపలికి కారుతూనే ఉంటుంది. పంపు తోడేదీ చెక్క కార్చేదీ సమానమైన చోట వాక్యూమ్ ఎంతో చూపే గేజి ముల్లు ఆగుతుంది. అయితే వాక్యూమ్ పెరిగేకొద్దీ పంపు తోడేది తగ్గుతుంది. నిమిషానికి 80 లీటర్లు అని రాసి ఉన్న పంపు, సగం వాక్యూమ్ దగ్గర బయటి గాలి లెక్కలో 40 లీటర్లే తోడుతుంది. 85 శాతం దగ్గర 12 లీటర్లు. అందుకే ఎంత లోతు వాక్యూమ్ ఇస్తుందన్నది కాదు, ఎంత గాలి తోడుతుందన్నది చూసి పంపు కొనాలి.

పాత ఫ్రిజ్ కంప్రెసర్ చవక, చప్పుడూ తక్కువ. కానీ అది తోడే గాలి మరీ కొంచెం. పైగా దాని మోటారును చల్లబరిచేది లోపలికి వచ్చే గ్యాసే కనుక గాలి పలచబడితే వేడెక్కుతుంది, నూనె కూడా కక్కుతుంది. ఏసీ మెకానిక్‌లు వాడే పంపు అంతకంటే నయం. అయితే దాన్ని మూసిన గొట్టాల కోసం చేశారు. ఆగకుండా గాలి వస్తుంటే నూనె పొగ వదులుతుంది. లోపలికి పోయే దారిలో ఫిల్టర్ తప్పనిసరి, లేకపోతే రంపపు పొట్టు పంపును తినేస్తుంది. ఇంట్లో పెద్ద ఎయిర్ కంప్రెసర్ ఉన్నవాళ్లకు వెంచురీ చాలు, అంటే కంప్రెసర్ గాలిని సన్నటి దారిలో వేగంగా పంపి, ఆ వేగంతోనే చక్‌లోని గాలిని తోడే గొట్టం. అందులో కదిలే భాగాలే లేవు, కానీ కంప్రెసర్ మోత ఆగదు.

నేనైతే పాలు పితికే మిషన్ పంపు వైపే మొగ్గుతాను. అది వాతావరణ పీడనంలో సగానికి కాస్త తక్కువ వాక్యూమ్ దగ్గర, గాలి కారుతూ ఉండగానే గంటల తరబడి నడిచేలా చేసిన పంపు. మన డెయిరీల్లో వాడి పక్కన పెట్టినది మంచి స్థితిలో దొరికితే వదలొద్దు. 15 సెంటీమీటర్ల చక్ మీద 80 కిలోల నొక్కుడు వస్తుంది. పలచటి గిన్నెకు అంతకు మించితే ప్రమాదం కూడా, బయటి గాలే దాన్ని లోపలికి చిట్లగొట్టగలదు. అందుకే గాలి కొంచెం వదిలే వాల్వ్ ఒకటి పెట్టుకోవాలి.

కొన్నాక మొదట చక్ మీద గాలి చొరబడకుండా రంగు వేసిన ప్లైవుడ్ బిళ్ల పెట్టి గేజి చూడండి. తర్వాత గిన్నె పెట్టండి. ముల్లు ఎంత దిగితే అంత కారుడు చెక్కలోంచి వస్తున్నట్టు. బయట ఒక పూత వార్నిష్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఎత్తులో ఉంది, అక్కడ బయటి గాలి ఒత్తిడే తక్కువ కనుక, విశాఖలో గేజి మీద 29 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ చూపే పంపు అక్కడ 27 దగ్గర ఆగితే అది పంపు లోపం కాదు.

కరెంటు పోతే పంపు వెంటనే ఆగుతుంది, లేత్ మాత్రం కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. పంపుకూ చక్‌కూ మధ్యలో ఒక వన్‌వే వాల్వ్, గట్టి ఇనుప ట్యాంకు ఉంటే ఆ సెకన్లు గడుస్తాయి. అవి ఉన్నా సరే, అడుగులో ఆఖరి ముక్క కోసేవరకు టెయిల్‌స్టాక్ (లేత్ రెండో కొసన ఎదురుగా ఆనించే భాగం) ఆనించే ఉంచండి.