మాస్క్ అంటే ఎరేజర్ కాదు: ఫోటో ఎడిటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, ఫోటోషాప్‌లో మాస్క్ పని చేయట్లేదు. పెళ్లికూతురి మొహం మీద నల్లగా మచ్చ పడింది. పొద్దున్నే ఆల్బమ్ షీట్లు ప్రింటింగ్ ల్యాబ్‌కి పంపాలి." ఏడుపొక్కటే తక్కువ. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పంపరా అన్నాను. నేననుకున్నదే. మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేయాల్సింది పోయి ఫోటో బొమ్మ మీద క్లిక్ చేసి నల్ల బ్రష్ లాగేశాడు. అంతకంటే బాధేమిటంటే, మచ్చ చూసి కంగారుపడి దాన్ని ఎరేజర్‌తో తుడవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మచ్చా లేదు, మొహమూ లేదు.

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తూ ఇరవై ఏళ్లు దాటింది, పక్కన కూర్చోబెట్టుకుని కుర్రాళ్లకి నేర్పడం మొదలుపెట్టి ఏడెనిమిదేళ్లు. ఇలాంటి ఫోన్ నెలకి రెండైనా వస్తుంది. వాళ్ల తప్పని అనను. ఎవరో "మాస్క్, ఎరేజర్ రెండూ ఒకటే, మాస్క్ అయితే రెండు క్లిక్కులు ఎక్కువ" అని చెబుతారు, వీడియోల్లో కూడా అలాగే చూపిస్తారు, కొత్తవాడు నమ్ముతాడు. నేనూ నమ్మినవాడినే.

అందుకే మిగతావన్నీ తర్వాత, ముందు ఈ ఒక్కదాని సంగతి. ఎరేజర్ పిక్సెల్‌ని తీసేస్తుంది. మాస్క్ దాన్ని దాచిపెడుతుంది. పెళ్లిలో జీలకర్ర బెల్లం ముందు వధూవరుల మధ్య తెరసెల పడతారు కదా, తెర పట్టినంత మాత్రాన పెళ్లికూతురు మండపం వదిలి వెళ్లిపోదు, తెర తీస్తే అక్కడే ఉంటుంది. మాస్క్ ఆ తెర. మాస్క్ తెల్లగా ఉన్నచోట లేయర్, అంటే ఆ ఫోటో పొర, కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాక్కుంటుంది, బూడిద రంగు ఉన్నచోట సగం సగం. లోపల లెక్క కూడా ఇంతే, 0 అంటే పూర్తిగా మాయం, 255 అంటే పూర్తిగా కనిపించడం, మధ్యలోవన్నీ మధ్యలో. పొరపాటున చెవి దాక్కుంటే కీబోర్డ్‌లో ఎక్స్ నొక్కి రంగు మార్చి తెల్ల బ్రష్‌తో ఒక్కసారి అనండి, చెవి వచ్చేస్తుంది. ఇవాళే కాదు, ఫైల్‌ని పీఎస్‌డీగా (లేయర్లు విడివిడిగా ఉంచే ఫోటోషాప్ సొంత ఫైల్) దాచుకుంటే ఐదేళ్ల తర్వాతైనా వస్తుంది.

"అండూ ఉంది కదన్నా" అంటారు. ఉంది. కానీ అది వెనక్కి వెళ్లేది హిస్టరీ గుర్తుపెట్టుకున్నంత వరకే, ఇప్పటి వెర్షన్లలో మామూలుగా 50 స్టెప్పులు, పాతవాటిలో 20. ఒక్కో బ్రష్ గీత ఒక్కో స్టెప్పు. జడ చుట్టూ చిన్న చిన్నగా తుడుస్తుంటే 50 గీతలు ఎంతసేపు, రెండు నిమిషాలు. పైగా ఫైల్ మూసేస్తే హిస్టరీ అంతా గోవిందా. ఇంకోటి, అడుగున తాళం వేసి ఉండే బ్యాక్‌గ్రౌండ్ లేయర్ మీద ఎరేజర్ లాగితే అది కనీసం ట్రాన్స్‌పరెంట్ కూడా అవ్వదు, బ్యాక్‌గ్రౌండ్ కలర్ ఏది ఉంటే అది పూసేస్తుంది. "ఎరేజర్ తెల్లగా తుడుస్తోంది" అని అడిగేవాళ్లకి జవాబు అదే.

నా సంగతి చెప్తాను. కొత్తలో ఒక పెద్దావిడ ఫోటో పెదకర్మకి కావాలని వచ్చారు. విడిగా తీసింది లేదు, పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటో ఒక్కటే. అందులో మనవడు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. నేను ఎరేజర్ పట్టుకుని మనవడిని తుడిచాను, చేతిని తుడిచాను, చెయ్యి పోయినచోట పక్కనున్న పమిటని కాపీ చేసి పూశాను (క్లోన్ అంటారు), వెనక నీలం రంగు పెట్టాను, లేయర్లన్నీ ఒకటిగా కలిపేసి (మెర్జ్) అదే పేరు మీద కంట్రోల్+ఎస్ కొట్టాను. చక్కగా వచ్చిందన్నారు, దండం పెట్టి తీసుకెళ్లారు. మెమరీ కార్డ్ అప్పటికే ఇంకో పెళ్లికి ఖాళీ చేసేశాం. ఏడాదికి, సంవత్సరీకం ముందు, ఆవిడ కూతురు మళ్లీ వచ్చింది. "బాబూ, మావాడు చెయ్యి వేసిన ఫోటో ఉండాలి కదా, వాడు దుబాయ్‌లో ఉన్నాడు, అమ్మమ్మతో వాడికి అదొక్కటే ఉంది, పంపమంటున్నాడు" అంది. నా దగ్గర లేదు. ఆ మాట ఆమెకి ఎలా చెప్పానో నాకిప్పుడు గుర్తులేదుగానీ ఆమె కుర్చీలోంచి లేవకుండా కాసేపు అలాగే కూర్చోవడం మాత్రం గుర్తుంది. ఆ వారం నుంచే ఎరేజర్ ముట్టుకోవడం మానేశాను. తర్వాత వచ్చిన వెర్షన్లలో దాన్ని టూల్‌బార్‌లోంచే తీసిపారేశాను, ఎడిట్ మెనూలో టూల్‌బార్ అని ఉంటుంది, అక్కడ తీసేయొచ్చు. నా దగ్గర నేర్చుకునేవాళ్ల సిస్టమ్‌లలోనూ ఉండదు. మొదటి వారం తిట్టుకుంటారు.

సరే, రాత్రి ఫోన్ చేసినవాడి సమస్య. లేయర్ ప్యానెల్‌లో లేయర్ పేరు పక్కన రెండు చిన్న బొమ్మలుంటాయి, ఎడమది ఫోటో, కుడిది మాస్క్. ఏది క్లిక్ చేస్తే దాని నాలుగు మూలలా సన్నటి గీతల చట్రం వస్తుంది. అంత సన్నటి గీతని అర్ధరాత్రి నిద్రకళ్లకి ఎవడు చూస్తాడు, అది వాళ్ల డిజైన్ లోపమే అంటాను నేను. కాబట్టి గీతల కోసం వెతక్కండి, రంగులు చూడండి. మాస్క్ ఎంచుకుని ఉంటే టూల్‌బార్‌లోని ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్ కలర్ డబ్బాలు నలుపు, తెలుపు, బూడిద తప్ప ఇంకేమీ చూపించవు. అక్కడ ఎరుపో పసుపో కనిపించిందంటే మీరు ఫోటో మీదున్నారు, చెయ్యి తీసేయండి. అనుమానంగా ఉంటే ఆల్ట్ పట్టుకుని మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేయండి, మాస్క్ ఒక్కటే స్క్రీన్ నిండా కనిపిస్తుంది. తెల్లటి చీర మధ్యలో బ్రష్ తగలక మిగిలిన నల్ల చుక్కలు అప్పుడు బయటపడతాయి. షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే మాస్క్ తాత్కాలికంగా ఆగిపోతుంది, ఒరిజినల్ క్షేమంగా ఉందో లేదో చూసుకుని గుండె కుదుటపరుచుకోవచ్చు. టెన్షన్‌లో ఉన్నవాడికి నేను మొదట చేయించేది అదే.

మాస్క్ పెడితే ఫైల్ బరువెక్కుతుందని ఇంకో మాట. లెక్క వేద్దాం. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీట్ అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన 10800×3600 పిక్సెల్స్, అంటే 3 కోట్ల 88 లక్షల పైచిలుకు. ఆర్‌జీబీ లేయర్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రంగుల ఛానెళ్లు, షీట్ నిండా ఉంటే కంప్రెస్ చేయకముందు దాదాపు 117 ఎంబీ. మాస్క్‌కి ఒక్కటే ఛానెల్, మహా అయితే 39. మాస్క్ అంటే భయపడేవాళ్లే "ఎందుకైనా మంచిది" అని అదే లేయర్‌ని మూడు కాపీలు చేసి, పక్కనుండే కన్ను బొమ్మ నొక్కి దాచిపెట్టుకుంటారు. బరువు ఎవరిది మరి? ఇక సిస్టమ్ నెమ్మదించిందని కంట్రోల్+ఈ కొట్టి మెర్జ్ చేస్తే మాస్క్ కూడా పోతుంది, మళ్లీ ఎరేజర్ కథే. జేపీజీలో లేయర్లూ ఉండవు, మాస్కులూ ఉండవు. పీఎస్‌డీ గానీ, లేయర్లు ఉంచిన టిఫ్ గానీ దాచండి, జేపీజీ ల్యాబ్‌కి పంపడానికి మాత్రమే.

మిగతావి గబగబా. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ ఒక్క బటన్‌తో పోతోంది కాబట్టి మాస్క్ నేర్చుకోనక్కర్లేదట. ఫోటోషాప్‌లో ఆ బటన్ నొక్కాక లేయర్ ప్యానెల్ చూశారా? అది చేసేది మాస్కే. జడలో మల్లెపూలు తెల్ల గోడ ముందు ఉంటే పూలని కూడా గోడ అనుకుని దాచేస్తుంది, వాటిని తెల్ల బ్రష్‌తో వెనక్కి తేవాల్సింది మీరే. కటింగ్ అంచు చుట్టూ తెల్లటి గీత వస్తోందంటే చాలాసార్లు చొక్కాకీ జుట్టుకీ ఒకే మెత్తటి బ్రష్ వాడారన్నమాట, చొక్కాకి గట్టి బ్రష్, జుట్టుకి మెత్తది. ఖరీదైన పెన్ టాబ్లెట్ లేకపోతే రాదా అంటే, నేను పదేళ్లు మౌస్‌తోనే చేశాను. ఫోటోషాప్ కొనలేనివాళ్లు గింప్ వేసుకోండి, ఉచితం, లేయర్ మాస్క్ అందులోనూ ఉంది, నలుపు తెలుపు లెక్కా అదే. క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని వైరస్ అంటించుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో.

స్కెచ్ ఎఫెక్ట్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇప్పుడు ప్రతి ఇంటికీ పెన్సిల్ స్కెచ్ ఫ్రేమ్ కావాలి. వాట్సాప్‌లో వచ్చిన మసక ఫోటో పంపించి "స్కెచ్ చేస్తే మసక కనపడదులెండి" అంటారు. కనపడదు కాదు, ఇంకా కనపడుతుంది. అలా మామూలుగా వచ్చిన ఫోటో పొడవు వైపు దాదాపు 1600 పిక్సెల్స్ ఉంటుంది. 12×18 ప్రింట్ వేస్తే అంగుళానికి 90 కూడా రావు. అది సగం బాధే, ఫోటోని నొక్కి చిన్నది చేసినప్పుడు పడిన గళ్లు గళ్లుగా ఉండే చెత్తని స్కెచ్ పెద్దది చేసి చూపిస్తుంది. ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది తెలియాలి.

అందరూ చేసే పద్ధతి ఇదే: ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, దాని కాపీని కంట్రోల్+ఐ కొట్టి నెగటివ్ చేసి, కలర్ డాడ్జ్‌లో (కింది లేయర్‌తో కలిసే పద్ధతుల్లో ఒకటి) పెట్టి, గాసియన్ బ్లర్ ఇచ్చి మసక చేయడం. డాడ్జ్‌లో పెట్టగానే మొత్తం తెల్లగా అయిపోతుంది, కొత్తవాళ్లు అక్కడే భయపడి ఆపేస్తారు. బ్లర్ ఇస్తేనే గీతలొస్తాయి. అక్కడ జరిగేది ఒక భాగహారం, ప్రతి పిక్సెల్‌నీ దాని చుట్టుపక్కల వాటి సగటుతో భాగించడం. చెంప మీద పిక్సెల్ 120, చుట్టూ సగటు 120, భాగిస్తే ఒకటి, అంటే తెలుపు. కనురెప్ప గీత 60, చుట్టూ 120, భాగిస్తే సగం, అంటే బూడిద గీత. పక్కవాళ్లకంటే ఎంత నల్లగా ఉంటే అంత గీత, అంతే. కాబట్టి వెలుగునీడలు లేని చప్పటి ఫోటోకి గీతలు రావు. పెద్ద ఫోటోకీ చిన్న ఫోటోకీ ఒకే బ్లర్ అంకె పనికిరాదు, వీడియోలో 10 అన్నాడని 10 పెట్టడం కాదు, చూసుకుంటూ పెంచాలి. బ్లర్ ఇచ్చే ముందు ఆ లేయర్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసుకుంటే తర్వాతైనా అంకె మార్చుకోవచ్చు, 2007లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్3 నుంచీ ఆ సౌకర్యం ఉంది.

ఈ లెక్కలో ఒక చిక్కుంది. నల్లటి జుట్టు మధ్యలో పిక్సెల్ 24, చుట్టూ కూడా 24, భాగిస్తే మళ్లీ ఒకటే. అంటే నల్లజుట్టు తెల్లబడుతుంది! అక్కడక్కడా 20, చుట్టూ 25 ఉంటే మట్టి చల్లినట్టు చుక్కలు. చామనఛాయ మొహాలు కూడా సున్నం కొట్టినట్టవుతాయి. డబ్బు పెట్టి యాక్షన్ల ప్యాక్ (ఒక్క క్లిక్కుతో ఈ పనులన్నీ వరుసగా చేసేది) కొన్నా లోపల ఎక్కువ భాగం ఇదే ఉంటుంది, ఇదే గోల ఉంటుంది.

(ఫిల్టర్ గ్యాలరీలో ఉన్న స్కెచ్ ఫిల్టర్లు వేరు. అవి ఎక్కువగా ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్ రంగులతో గీస్తాయి, అందుకే "నా స్కెచ్ ఎర్రగా వచ్చింది" అంటారు, ముందు డి నొక్కండి, రంగులు మళ్లీ నలుపు తెలుపు అవుతాయి. గ్యాలరీ అసలు తెరుచుకోకపోతే ఫైల్ సీఎంవైకే (ప్రింటింగ్ సిరాల రంగులు) మోడ్‌లోనో 16 బిట్‌లోనో ఉందేమో చూడండి. ఫ్లెక్స్ పని చేసేవాళ్లకి ఇది రోజూ ఉండేదే.)

మొన్న ఒకాయన వాళ్ల నాన్నగారి స్కెచ్ కోసం వచ్చాడు. మంచి ఫోటో, కెమెరాలో తీసింది. పని హడావిడిలో మా కుర్రాడు ఇందాకటి డాడ్జ్ పద్ధతి కొట్టి అలాగే ప్రింట్ తీసి ఇచ్చేశాడు. మర్నాడు వాళ్ల అమ్మగారు ఆ ప్రింట్ పట్టుకుని తనే వచ్చారు. కోపమేమీ లేదు, ఇబ్బందిగా నిలబడి, "ఆయన పోయేదాకా జుట్టుకి రంగేసుకున్నారు బాబూ, ఇలా ముగ్గుబుట్టలా నేనెప్పుడూ చూళ్లేదు" అన్నారు. కూర్చోమని చెప్పి పీఎస్‌డీ తెరిచాను. బ్లాక్ అండ్ వైట్ ఫోటో కాపీ ఒకటి పైన పెట్టి, మల్టిప్లై (కింది లేయర్‌ని ముదురు చేసే పద్ధతి) చేసి, ఆల్ట్ పట్టుకుని మాస్క్ బటన్ నొక్కితే మాస్క్ మొత్తం నల్లగా వస్తుంది, అంటే పైన పెట్టిన ఫోటో పూర్తిగా దాక్కుంది. ఇక తెల్ల బ్రష్, ఫ్లో (రంగు పడే జోరు) 15, జుట్టు పెరిగిన దిశలోనే చిన్న చిన్న గీతలు. పాపిడి దగ్గర నుంచి నలుపు మెల్లగా దిగుతుంటే ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకున్నారు. కనుబొమలు, మీసం, చెంపల మీద కాస్త నీడ.

"మీసం అంత నల్లగా వద్దు" అన్నారు. "దానికి రంగు సరిగ్గా అంటేది కాదు." ఎక్స్ నొక్కి మీసం మీద ఫ్లో ఇంకాస్త తగ్గించి నల్ల బ్రష్‌తో రెండు గీతలు లాగాను.

"ఆఁ, అలా" అన్నారు.