నాన్న చిగుళ్ల ఆపరేషన్ గురించి

పిల్లలూ,

నాన్నకి చిగుళ్ల ఆపరేషన్ అన్నారని ఇద్దరూ టెన్షన్ పడుతున్నారట, అమ్మ ఫోన్లో చెప్పింది. ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టే ఆపరేషన్ కాదమ్మా ఇది. పళ్ల డాక్టర్ కుర్చీలోనే చిగురుకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, ఆ రోజే ఇంటికొచ్చేస్తాడు.

పళ్ల మీద రోజూ పట్టే పాచి సరిగ్గా పోకపోతే గట్టిపడి గార అవుతుంది, ఇక దాన్ని ఏ బ్రష్షూ కదిలించలేదు. చిగురు వాచి, తోముకునేటప్పుడు రక్తం వస్తుంది. అప్పుడే క్లీనింగ్ చేయించుకుని జాగ్రత్తపడితే చిగురు మళ్లీ మామూలైపోతుంది. వదిలేస్తే చిగురు పంటిని విడిచి, మధ్యలో సందు పడి, లోపలి ఎముక మెల్లగా కరిగిపోతుంది. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పే ఉండదు, పైగా సిగరెట్ తాగేవాళ్లకి రక్తం కూడా అంతగా కనపడదు, అందుకే పన్ను కదిలేదాకా డాక్టర్ దగ్గరికి వెళ్లరు.

ఈసారి నాన్నతో మీరూ వెళ్లండి. డాక్టర్ గీతలున్న సన్నటి పరికరాన్ని ఒక్కో పంటి చుట్టూ 6 చోట్ల దించి ‘మూడు, రెండు, ఆరు’ అంటుంటే పక్కనున్నవాళ్లు రాసుకుంటారు. ఆ సందు లోతు మిల్లీమీటర్లలో అన్నమాట. 3 దాకా ఫర్వాలేదు. అంతకు మించితే ముందు డీప్ క్లీనింగ్, అంటే చిగురు కింద పట్టిన గారను గీకి తీసి, కొన్ని వారాలు ఆగి మళ్లీ కొలుస్తారు, చాలామందికి దాంతోనే సరిపోతుంది. అప్పటికీ 5, 6 ఉండి రక్తం కారుతుంటేనే చిగురును కాస్త విప్పి, అడుగున మిగిలిన గార తీసి, కుట్లు వేస్తారు. ఫ్లాప్ సర్జరీ అంటే ఇదే. ఎముక పోయిన తీరును బట్టి కొన్నిచోట్ల గ్రాఫ్ట్, అంటే పోయిన ఎముక చోట నింపే ఎముక పొడి లాంటిది, కూడా పెడతారు.

కొలవకుండా, ఎక్స్‌రే తియ్యకుండా ఎవరైనా నేరుగా ఆపరేషన్ అంటే మాత్రం ఒప్పుకోకండి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో ఇంకోసారి చూపించండి.

నాన్నకి షుగర్ ఉంది కదా, అది అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు, ముందే టెస్టు చేయించమనండి. కుట్లు తీసేదాకా, అంటే వారం పది రోజులు, ఆవకాయ, చెకోడీలు కనపడనివ్వకండి, మెత్తటి పెరుగన్నం పెట్టండి. వాపు తగ్గాక పళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, చల్లనీళ్లకి జివ్వుమంటాయి, కంగారు పడొద్దు. ఆ తర్వాత మూడు నెలలకోసారి చెకప్‌కి తీసుకెళ్లే పని మీ ఇద్దరిదే, నాన్న తనంతట తను వెళ్లడు.

మీ అమ్మమ్మ