ఉన్ని గుడ్డకు రంగు ఎలా పడుతుంది?

ఉన్ని గుడ్డలోంచి ఆకులు, పూలు కత్తిరించి మరో ఉన్ని గుడ్డ మీద కుట్టే అప్లిక్ పనికి ఒకే రంగు పరుచుకున్న బజారు గుడ్డ నప్పదు. ఆకు నడుమ ఒక ఛాయ, అంచున మరో ఛాయ ఉంటేనే జీవం. అది చేత్తో అద్దుకున్న గుడ్డలోనే దొరుకుతుంది.

గుడ్డ అచ్చంగా ఉన్నిదే కావాలి. అనుమానముంటే ఒక పోగు కాల్చి చూడండి. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. గుడ్డను ముందే వేడి సబ్బునీళ్లలో రుద్ది ఉతకాలి. పోగుల మీది పొలుసులు చిక్కుపడి గుడ్డ కుంచించుకుని దట్టమవుతుంది. ఇక కత్తిరించిన అంచు పోగులు ఊడదు, మడిచి కుట్టక్కర్లేదు.

ఉన్ని మన జుట్టులాగే కెరాటిన్ అనే ప్రోటీన్. నీళ్లలో ఆమ్లం కలిస్తే అందులోని అమైన్ భాగాలకు ధనావేశం వస్తుంది. ఉన్నికి వేసే యాసిడ్ డై అనే రంగు పొడి అణువులది ఋణావేశం కాబట్టి వచ్చి అతుక్కుంటాయి. ఆ పేరు చూసి జంకనక్కర్లేదు, ఆమ్లంగా వంటింటి నిమ్మ ఉప్పు చాలు. నూలులో ఈ అమైన్ భాగాలుండవు. అందుకే గుడ్డంతా ఎర్రబడినా, అందులోని నూలు దారపు కుట్టు మాత్రం వెలవెలబోతూ కనిపిస్తుంది.

పొడిగా తూచిన 100 గ్రాముల గుడ్డకు 1 గ్రాము రంగు మధ్యస్థపు ఛాయనిస్తుంది. లేత రంగుకు పావు గ్రాము, ముదురుకు 2 నుంచి 3 గ్రాములు. 1 గ్రామును 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కరిగించుకుంటే కొలత సులువు. పొడి గాలికి లేస్తుంది, మాస్కు తప్పనిసరి. రంగు వేసిన గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు.

గుడ్డను గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నాననివ్వాలి. ఉన్ని పైపొర నీటిని ఓ పట్టాన రానివ్వదు, సరిగా నానకపోతే తెల్ల మచ్చలు మిగులుతాయి.

ఇక అసలు కిటుకు. ఆమ్లం, వేడి ఎంత త్వరగా అందితే రంగు అంత త్వరగా, తగిలిన చోటే పట్టేస్తుంది. సమంగా పరుచుకోవాలంటే నీళ్లు ఎక్కువ పోసి, మెల్లగా కాచి, నిమ్మ ఉప్పు చివర్లో వేయాలి. అప్లిక్‌కు దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి: గుడ్డ మునిగీ మునగనన్ని నీళ్లు, చెంచాడు నిమ్మ ఉప్పు ముందే, నలిపి పెట్టిన గుడ్డ మడతల మీద అక్కడక్కడా రంగు. కలపొద్దు. మడత పైభాగం ముదురుగా, లోపలి ముడతలు లేతగా తేలతాయి.

నీళ్లు తెర్లనివ్వకుండా 85 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే, గిన్నెలోని రంగు నీళ్లు తేటబడతాయి. రంగంతా ఉన్నిలోకి వెళ్లిందన్నమాట. టర్కాయిస్ నీలం మాత్రం నెమ్మది, దానికి ఇంకాస్త సమయం ఇవ్వాలి. తేటబడకపోతే మరికొంచెం నిమ్మ ఉప్పు వేసి, ఇంకో పావుగంట ఉంచండి. పొయ్యి మీంచి దించాక గిన్నెలోనే చల్లారనివ్వాలి. వేడి గుడ్డ మీద చన్నీళ్లు పోసి పిండితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ముడుచుకుపోతుంది.

జాడించి ఆరేసే ముందు తడి గుడ్డను తెల్ల నూలు బట్ట మీద గట్టిగా అదమండి. మరక అంటితే మళ్లీ నిమ్మ ఉప్పు నీళ్లలో కాచాల్సిందే, లేదంటే తర్వాత తడి తగిలినప్పుడు ఎర్ర పువ్వు కింద తెల్ల గుడ్డంతా గులాబీ రంగు తేలుతుంది.