పెద్దమనిషైంది కదా అని పెళ్లి చేసేస్తున్నారా?

గజపతినగరం వైపు పల్లెల్లో ఏఎన్‌ఎంగా తిరుగుతాను. ఏ వీధికెళ్లినా ఇదే మాట: "పిల్ల పెద్దమనిషై రెండేళ్లయింది నర్సమ్మా, ఇంకెన్నాళ్లు ఇంట్లో ఉంచుకుంటాం?" మా పనిలో చూసే కష్టాల్లో సగం ఈ మాట దగ్గరే మొదలవుతాయి.

నెలసరి వచ్చేసరికి ఒళ్లు కాన్పుకి సిద్ధమైపోదు. ఆ తర్వాత కూడా పిల్ల పొడవు పెరుగుతుంది. బిడ్డ బయటికొచ్చే దారిలోని కటి ఎముకలు ఇంకా కొన్నేళ్లు ఎదుగుతూనే ఉంటాయి. పదిహేను, పదహారేళ్లకే కడుపొస్తే తిన్న తిండిని ఎదిగే తల్లి, ఎదిగే బిడ్డ పంచుకోవాలి. రక్తం పడిపోతుంది. బీపీ పెరిగి ఫిట్స్ రావడం, బిడ్డ అడ్డుపడి నొప్పులు గంటల తరబడి సాగడం, నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టడం, ఇవన్నీ ఇరవై దాటిన వాళ్లకంటే ఈ వయసులోనే ఎక్కువ.

ఒక బుధవారం టీకాల రోజున పదహారేళ్ల పిల్ల వచ్చింది. ఐదో నెల. కింది రెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ 7.4, బాగా తక్కువ. వెంట వచ్చిన మామ్మ, "నాకు పదమూడుకే పెళ్లయింది, నాకేటయింది?" అంది.

"ఎంతమందిని కన్నావు మామ్మా?"

వేలి కణుపులు లెక్కపెట్టుకుని, "ఏడుగురు" అంది. ఆగి, "నలుగురున్నారు" అంది.

కార్డులో వయసు 19 అని రాయమన్నారు. కేసు భయం. దయచేసి ఆ పని చేయకండి. వయసు దాస్తే, ప్రమాదం ఎక్కువున్న గర్భిణుల కోసం పెట్టే హైరిస్క్ లిస్టులోకి పిల్ల ఎక్కదు. చట్టప్రకారం పైకి తెలపాల్సింది తెలిపాను. వైద్యం మాత్రం ఒక్క పూట కూడా ఆగలేదు.

"ఇప్పుడు తాళి కట్టించి, 18 నిండాక కాపురానికి పంపుతాం" అంటారు. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం ఆ పెళ్లే నేరం, మేనరికమైనా సరే. చేసినవాళ్లకి, చేయించినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 18 నిండని భార్యతో కలిస్తే భర్తయినా అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. తాళి పడ్డాక ఇంతేనా? కాదు. ఇరవై నిండేలోపు రద్దు చేయమని ఆ పిల్ల జిల్లా కోర్టుకి వెళ్లొచ్చు. ఇక "ఆడపిల్లల పెళ్లి వయసు 21 చేసేస్తారట, ఈలోపే కానిచ్చేద్దాం" అనే పుకారు. 2021లో పెట్టిన ఆ బిల్లు 2024లో లోక్‌సభతోపాటే రద్దయిపోయింది. దానికోసం పిల్లల్ని తొందరపెట్టకండి.

విజయవాడ, హైదరాబాద్ పనులకి వలసపోతూ ఎదిగిన పిల్లని మామ్మ దగ్గర వదలాలంటే తల్లికి గుండె దడే. ఆ టెన్షన్ నేను కాదనను. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి చదువు, తిండి, వసతి ఉచితం. ముందు అక్కడ సీటు అడగండి. ముహూర్తం పెట్టేశారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. అంగన్‌వాడీ టీచరుకి చెప్పినా చాలు.