నవ్వు పడితే జోకు పండినట్టేనా? క్రైమ్ థ్రిల్లర్లలో ఎవరినో ఒకరిని ఏడిపించే కామెడీ: అపోహలు - వాస్తవాలు

"సీరియస్ సినిమా కదన్నా, మధ్యలో ఎవరినో ఒకరిని ఆడుకోకపోతే జనం కూర్చోరు." సినిమా ఎడిటర్‌గా 14 ఏళ్లలో నేను ఇన్నిసార్లు విన్న మాట ఇంకొకటి లేదు. డైరెక్టర్లు అంటారు, నిర్మాతలు అంటారు, ఇప్పుడు సినిమా చూసే కుర్రాళ్లు కూడా అంటున్నారు. పోయిన నెల మా పిన్ని వాళ్ల గృహప్రవేశంలో భోజనాల దగ్గరే ఒక క్రైమ్ సినిమా గురించి ఇంటి పిల్లలు రెండు జట్లయ్యారు. "ఆ కానిస్టేబుల్ కామెడీ లేకపోతే ఆ సినిమా చూడగలిగేవాళ్లమా" అని ఒక జట్టు. "ఆ కామెడీయే సినిమాని చంపేసింది" అని ఇంకో జట్టు. చివరికి "బావా, నువ్వు చెప్పు" అన్నారు. విస్తరి ముందు కూర్చుని రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అపోహ: హాల్లో నవ్వు పడిందంటే ఆ జోకు పండినట్టే. థ్రిల్లర్‌కి ఆ రిలీఫ్ కావాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. కాబట్టి ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట ఒక థ్రిల్లర్ చేశాను. పేరు చెప్పను. అందులో ఒక మార్చురీ సీను ఉంది. కూతురు కనపడకుండా పోయి మూడు రోజులైంది. శవాన్ని గుర్తుపట్టడానికి తల్లి వస్తుంది. అటెండరు రిజిస్టరు చూసి నంబరు చెప్పాలి. అతనికి నత్తి. "న... న... న..." అని ఆగిపోతాడు. పక్కనున్న హీరో ఫ్రెండు అతన్ని అనుకరించి, "నువ్వు నంబరు చెప్పేలోపు శవం లేచి వెళ్లిపోద్ది" అంటాడు. నవ్వు ఆపుకుంటున్న హీరో మీద ఒక షాటు, మొహం పక్కకి తిప్పుకున్న కానిస్టేబుల్ మీద ఇంకో షాటు. కింద ఒక కామెడీ మ్యూజిక్ బిట్టు. ఆ వెంటనే తల్లి క్లోజప్.

ప్రివ్యూలో నవ్వు గట్టిగానే పడింది. డైరెక్టరు సంతోషంగా నా చెయ్యి నొక్కాడు. కానీ తెర మీద షాటు మారినంత మాత్రాన హాల్లో నవ్వు ఆగదు. ఇంకో నాలుగైదు సెకన్లు ఉంటుంది. ఆ నాలుగైదు సెకన్లూ తల్లి క్లోజప్ మీద పడ్డాయి. ఆవిడ దుప్పటి అంచు పట్టుకుంది. తీయలేకపోతోంది. ఆ అంచుని వేళ్లతో నలుపుతూ ఉంది. ఎడిట్ టేబుల్ మీద ఆ షాటు చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది. హాల్లో ఆ వేళ్లని ఒక్కరూ చూడలేదు. వెనక వరసలో ఎవరో "న... న..." అని మళ్లీ అన్నారు, మళ్లీ నవ్వారు. అప్పటికి తెర మీద తల్లి ఏడుస్తోంది.

థ్రిల్లర్ మొత్తం ఒక్క నమ్మకం మీద నిలబడుతుంది. పోయిన ప్రాణానికి విలువుంది, అది ఎలా పోయిందో తెలియాలి అన్న నమ్మకం. శవం పక్కనే నిలబడి, అక్కడున్న అందరిలోకీ చిన్న ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని హీరో గ్యాంగు ఏడిపించి, కెమెరా కూడా వాళ్లతో కలిసి నవ్వితే, ఇక్కడ ఏ మనిషికీ పెద్ద విలువ లేదని సినిమాయే ప్రేక్షకుడికి చెప్పినట్టు. ఆ తర్వాత గంటన్నర పాటు హంతకుడి కోసం వెతికితే ప్రేక్షకుడికి ఏం పట్టింది? బయటికొచ్చి "సెకండాఫ్ ల్యాగ్" అంటాడు. మేము సెకండాఫ్ తీసుకుని సీన్లు ట్రిమ్ చేస్తూ కూర్చుంటాం. చిల్లు ఫస్టాఫ్‌లో ఉంటుంది.

ఆ రాత్రి ఎవరినీ అడక్కుండా ఇంకో కట్ చేశాను. ఫ్రెండు డైలాగు తీసేశాను. రెండు రియాక్షన్లు తీసేశాను. మ్యూజిక్ తీసేశాను. మొత్తం 11 సెకన్లు పోయాయి. అటెండరు షాటు మాత్రం ఒక్క ఫ్రేమ్ కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు అతను "న... న..." అంటున్నాడు, తల్లి అతని నోటి వంకే చూస్తోంది. ఏ నంబరు చెబుతాడో ఆవిడకి తెలియదు. అసలు నంబరు ఉందో లేదో, "అలాంటి అమ్మాయి ఎవరూ రాలేదమ్మా" అంటాడేమోనని ఆవిడ ఆశ. అతను చెప్పలేకపోతున్న ఆ ఐదారు సెకన్లూ ఆవిడ కూతురు ఇంకా బతికే ఉంది. "నలభై రెండు" అనగానే చచ్చిపోయింది. మర్నాడు డైరెక్టరు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అది సినిమా మొత్తంలో అన్నిటికన్నా టెన్షన్ ఉన్న చోటు అయింది. అదే నటుడు, అదే నత్తి, అదే షాటు.

సినిమా ఆ కట్‌తోనే రిలీజ్ అయింది. తర్వాత ఇంకో రెండు సినిమాల్లో ఇలాంటివి తీయించాలని చూశాను, నా మాట నెగ్గలేదు. ఆ రెండు సీన్లు టీవీలో వస్తే ఇప్పటికీ చానల్ మారుస్తాను.

దీని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. మా చిన్నాన్న కొడుక్కి నత్తి. ఇంటర్‌లో ఉండగా ఒక కామెడీ పాత్ర నత్తి డైలాగు బాగా పాపులర్ అయింది. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు వాడి నంబరు రాగానే వెనక బెంచీలు ఆ డైలాగు అందుకునేవి. "ప్రెజెంట్ సార్" లో "ప్ర" దగ్గరే వాడు ఆగిపోయేవాడు. కొన్నాళ్లకి పలకడం మానేసి చెయ్యెత్తడం మొదలెట్టాడు. తలెత్తి చూడని లెక్చరర్ల క్లాసుల్లో ఆబ్సెంట్ పడింది. రోజూ కాలేజీకి వెళ్లిన పిల్లాడి పేరు అటెండెన్స్ తక్కువైన వాళ్ల లిస్టులో వచ్చింది. చిన్నాన్న వెళ్లి కండోనేషన్ ఫీజు కట్టొచ్చాడు. ఎందుకు తగ్గిందో వాడు ఇంట్లో చెప్పలేదు. నాకు చెప్పింది ఆరేళ్ల తర్వాత.

ఆ నత్తి డైలాగుకి సినిమా హాల్లో కూడా బ్రహ్మాండంగా నవ్వారు. నేనూ నవ్వాను.

హాల్లో నవ్వు ఎందుకు రుజువు కాదో ఇంకో సంగతి. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త నవ్వు మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని ఆయన తేల్చాడు. నవ్వు జోకు కన్నా ఎక్కువగా పక్కవాడి మీద ఆధారపడుతుందన్నమాట. నా అనుభవం కూడా అదే. ప్రివ్యూలో పేలిన ఏడిపించే జోకు, ఓటీటీలో రాత్రి పదకొండింటికి ఒక్కడే కూర్చుని చూస్తుంటే చచ్చుబడిపోతుంది. పక్కన నవ్వే మనిషి లేడు. మిగిలింది నత్తి ఉన్న ఒక మనిషి, అతన్ని వెక్కిరిస్తున్న ఇంకో మనిషి. థ్రిల్లర్లని ఇప్పుడు చాలామంది చూసేది అలాగే.

అంటే థ్రిల్లర్‌లో నవ్వే వద్దనా? కాదు. నవ్వు కావాలి. చావు ఇంట్లో కూడా జనం నవ్వుతారు, చూసే ఉంటారు. పోయినాయన పిసినారితనం గురించి ఆయన తమ్ముడే ఒక ముచ్చట చెబుతాడు, ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వుతారు, మళ్లీ ఏడుస్తారు. ఆ నవ్వులో పోయినాయన మీద ప్రేమ ఉంది. శవాన్ని చూడటానికి భయపడి, "సార్, టీ తెస్తాను" అని మూడోసారి బయటికి పోయే కొత్త కానిస్టేబుల్ని చూసి నవ్వుతాం. ఆ భయం మనకీ ఉంది కాబట్టి నవ్వుతాం. ఆ నవ్వు టెన్షన్‌ని చెదరగొట్టదు, ఇంకా బిగిస్తుంది.

ఇది మనకి ఎవరో బయటివాళ్లు వచ్చి నేర్పాల్సిన విషయం కాదు. కన్యాశుల్కంలో ఎంత నవ్వుంది! గిరీశం కోతలకు నవ్వుతాం, అగ్నిహోత్రావధాన్లు డబ్బాశకు, కోపానికి నవ్వుతాం. ముసలివాడికి అమ్మబోతున్న సుబ్బిని చూపించి నవ్వమని మాత్రం గురజాడ ఎక్కడా అడగలేదు.

అపోహ: ఇప్పుడు ఎవరి మీదా జోకు వేయకూడదు. సుప్రీంకోర్టే చెప్పింది.

ఈ మాట హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర పుట్టి, షార్ట్ ఫిల్ములు తీసుకునే పిల్లలదాకా వెళ్లి వాళ్లని భయపెడుతోంది. "అన్నా, నా స్క్రిప్టులో కళ్లు కనిపించని పాత్ర ఉంది, తీసేయాలా? కేసు పెడతారా?" అని నాకు మెసేజ్‌లు వస్తాయి. తీర్పు చదవని వాళ్లు పుట్టించిన పుకారుకి ఒక మంచి పాత్ర స్క్రిప్టులోంచి ఎగిరిపోతుంటే నాకు కోపం వస్తుంది. ఆ పిల్లల మీద కాదు, పుకారు మీద.

జరిగింది ఇది. 2023లో వచ్చిన ఒక హిందీ సినిమాలో దివ్యాంగులను హేళన చేశారని, వైకల్యం ఉన్న ఒక హక్కుల కార్యకర్త కోర్టుకెళ్లారు. 2024 జులై 8న అప్పటి చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా బెంచి తీర్పు ఇచ్చింది. కోర్టు హాస్యాన్ని నిషేధించలేదు. రెండు రకాల హాస్యాన్ని విడదీసి చూపించింది. వైకల్యం గురించి మనకి తెలియనిది తెలియజేసే, అర్థం చేయించే హాస్యం ఒకటి. వైకల్యం ఉన్న మనిషిని కించపరిచి తక్కువ చేసే హాస్యం ఇంకొకటి. కించపరిచే మాట ఒక పాత్ర నోట వచ్చినా, సినిమా మొత్తం చెప్పేదాన్ని బట్టి ఆ మాటకి న్యాయం ఉంటే, దాన్ని ఆపక్కర్లేదని కూడా చెప్పింది. అంటే నీ విలన్ నీచంగా మాట్లాడొచ్చు. ఆ నీచత్వానికి నీ సినిమా చప్పట్లు కొడుతోందా లేదా అన్నదే ప్రశ్న. నాకు మార్చురీ సీనులో అర్థమైంది కూడా ఇదే. ఫ్రెండు వెక్కిరించడం కన్నా, ఆ వెక్కిరింపు కింద మేము వేసిన మ్యూజిక్ పెద్ద తప్పు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కళ్లు కనిపించని మీ పాత్రని ఉంచండి. అతనికి ఒక పని, ఒక కోపం, తను వేసే జోకులు కొన్ని ఇవ్వండి. వీలైతే కళ్లు కనిపించని ఒక మనిషితో కూర్చుని ఆ సీన్లు చదివి వినిపించండి. ఆయన చెప్పేవాటిలో మీకు తట్టని మంచి జోకులు కూడా దొరుకుతాయి.

అపోహ: సెన్సార్ దాటింది కదా, ఇంకేం తప్పు?

దివ్యాంగులను హేళన చేసే సీన్లు ఉండకూడదని సెన్సార్ బోర్డుకి కేంద్రం ఇచ్చిన 1991 మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా ఎన్ని దాటిపోయాయో మీరే చూశారు. సర్టిఫికెట్ ఏ వయసువాళ్లు చూడొచ్చో చెబుతుంది. జోకు మంచిదో కాదో చెప్పదు. ఇప్పుడు పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే యూఏని కూడా 7+, 13+, 16+ అని మూడు భాగాలు చేశారు, పిల్లలతో వెళ్లేవాళ్లు అది చూసుకోండి. ఓటీటీ సిరీస్‌లకి సెన్సార్ లేదు, కేంద్రం తెచ్చిన 2021 ఐటీ రూల్స్ ప్రకారం వాళ్లే రేటింగ్ వేసుకుంటారు. ఇక "ఏ" అంటే బూతు సినిమా అనుకోవడం పాత రోజుల మాట. హింస ఎక్కువగా ఉన్నా "ఏ" ఇస్తారు.

అపోహ: హంతకుడెవరో తెలిసిపోతే థ్రిల్లర్ అయిపోయినట్టే.

2014లో వచ్చిన దృశ్యం చూశారు కదా. చంపడం మన కళ్లముందే జరిగింది, చంపిందెవరో మనకి తెలుసు. అయినా ఊపిరి బిగబట్టే చూశాం. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే మామూలు కబుర్లు కూడా టెన్షన్ పెడతాయని హిచ్‌కాక్ ఎప్పుడో చెప్పాడు. ఇంతకన్నా దీని మీద చెప్పేదేమీ లేదు.

అపోహ: క్రైమ్ సినిమాలు చూసే జనం హత్యలు చేస్తున్నారు.

"సినీ ఫక్కీలో హత్య" అని పేపర్లో హెడ్డింగ్ రాగానే మా అక్క ఫోన్ చేస్తుంది. వాళ్లబ్బాయి పదో తరగతి, రాత్రిళ్లు క్రైమ్ సిరీస్‌లు చూస్తాడు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కొట్టిపారేయను. కానీ ఒకే సినిమాని లక్షలమంది చూస్తారు. చంపినవాడికి పగో, డబ్బో, అనుమానమో ముందే ఉంటుంది. మా అక్కకి నేను చెప్పింది ఒక్కటే: వాడితో కలిసి ఒక ఎపిసోడ్ చూడు, వాడు ఎక్కడ నవ్వుతున్నాడో చూడు. చూసింది. మళ్లీ ఫోన్ చేసి, "హత్యలప్పుడు దిండు అడ్డం పెట్టుకున్నాడురా, ఆ లావుపాటి అమ్మాయిని ఏడిపిస్తుంటే మాత్రం పడీ పడీ నవ్వాడు" అంది. వాళ్ల క్లాసులో అలాంటి అమ్మాయి ఎవరైనా ఉందేమో అడగమన్నాను. ఉంది. వీళ్ల గ్యాంగు ఆ పిల్లకి ఆ సిరీస్‌లో పేరే పెట్టారట. ఆ రాత్రి తల్లీకొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారని అక్క చెప్పింది. హత్యల గురించి కాదు.